దాటనివ్వడం: బొబ్బిలి నుంచి ఒక క్రియాపదం చరిత్ర

ఓవర్‌టేక్ అన్న మాటకి తెలుగేమిటి? రోజూ వాడే మాటే. "మలుపులో ఓవర్‌టేక్ చెయ్యకు", "వాడు రాంగ్ సైడ్‌లో ఓవర్‌టేక్ చేసేశాడు" అని అందరం అంటాం. చదువుకోని డ్రైవరు కూడా అంటాడు. అర్థం తెలీనివాళ్ళు లేరు. అయినా తెలుగులో చెప్పమంటే మాత్రం నోరు ఒక్క క్షణం ఆగిపోతుంది.

నిఘంటువులో మాటలు లేక కాదు. మించు, మీరు, దాటు, అధిగమించు, అతిక్రమించు, ఇలా కావలసినన్ని ఉన్నాయి. కానీ ఒక్కోదాన్నీ రోడ్డు మీద పెట్టి చూడండి. "లారీ మా బస్సుని మించింది" అంటే లారీ ఇంకా పెద్దదనో గొప్పదనో అనిపిస్తుంది. "లారీ మా బస్సుని అతిక్రమించింది" అంటే ఎవరో కేసు పెట్టాలి. "అధిగమించింది" అనడానికి ఆ బస్సేమీ పర్వతమో అడ్డంకో కాదు. "దాటింది" కొంచెం నయం. కాకపోతే ఏరు దాటడం, గడప దాటడం, రోడ్డు దాటడం, అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి కాబట్టి, ఆగి ఉన్న బస్సుని దాటిందో, పరిగెడుతున్న బస్సునో తెలీదు. చివరికి మళ్ళీ ఓవర్‌టేక్ దగ్గరికే వస్తాం.

ఇలాంటి చోట తెలుగు పేద భాష అయిపోయిందని బాధపడటం ఒక అలవాటు. నాకలా అనిపించదు. ఈ మాటలు మన రోడ్డుకి అతకకపోవడానికి కారణం అవి పుట్టిన ప్రపంచంలో ఉంది. ఆ ప్రపంచంలో ఒకణ్ణి దాటి వెళ్ళడం ప్రయాణానికి సంబంధించిన విషయం కాదు, మర్యాదకి సంబంధించిన విషయం. దీనికి సాక్ష్యంగా ఇంకెక్కడి ఊరో వెతకనక్కర్లేదు, మా బొబ్బిలి చాలు.

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. ఓవర్‌టేక్ చాలా పాత మాట, మధ్యయుగపు ఇంగ్లీషు నాటిది. అప్పట్లో దానర్థం దాటిపోవడం కాదు. వెనక నుంచి వచ్చి అందుకోవడం, తరిమి పట్టుకోవడం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఫరో సైన్యం పారిపోతున్న ఇశ్రాయేలీయుల వెంట పడిన ఘట్టంలో ఈ మాట ఉంది. ఫరోకి వాళ్ళని దాటి ముందుకెళ్ళే పనేమీ లేదు, వాళ్ళు చేతికి చిక్కితే చాలు. తుఫాను ఓవర్‌టేక్ చేసింది, నిద్ర ఓవర్‌టేక్ చేసింది అని ఇప్పటికీ ఇంగ్లీషులో రాస్తారు. అక్కడా అదే పాత అర్థం: ఊహించకుండా వచ్చి మీద పడటం. బళ్ళూ, ఆ తర్వాత మోటార్లూ పెరిగాక అందుకోవడం దగ్గర ఆగకుండా, అందుకొని ముందుకెళ్ళిపోవడం అనే అర్థం గట్టిపడింది. ఇదే పనిని అమెరికావాళ్ళు పాస్ చెయ్యడం అంటారు. మనకి ఇంగ్లీషు వచ్చింది బ్రిటిష్‌వాళ్ళ నుంచి, డ్రైవింగు చట్టాలూ వాళ్ళ నుంచే. అందుకని మనది ఓవర్‌టేకే.

ఇంకో చిన్న సంగతి. ఓవర్, టేక్ అనే ఈ రెండు ముక్కల్నే తిప్పి టేకోవర్ అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది. ఓవర్‌టేక్ చేసినవాడు నిన్ను దాటి తన దారిన తను పోతాడు. టేకోవర్ చేసినవాడు నీ చోట్లో కూర్చుంటాడు. ఆఫీసుల్లో ఈ రెంటినీ కలిపేసేవాళ్ళు చాలామంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, బొబ్బిలి కథలో అవసరం పడుతుంది.

ఇప్పుడు తెలుగు వైపు. ముందున్నవాణ్ణి దాటడానికి మనకున్న మాటల్లో ఎక్కువ భాగం తప్పు చేయడానికి కూడా అవే మాటలు. మీరడం అంటే మించడం. మాట మీరడం, హద్దు మీరడం అంటే నేరం. క్రమం అంటే అడుగు, వరస. అతిక్రమం అంటే ఆ వరసని దాటెయ్యడం. లంఘించడం అంటే దూకడం. హనుమంతుడు సముద్రాన్ని లంఘిస్తే ఘనకార్యం, మనం చట్టాన్ని ఉల్లంఘిస్తే జుల్మానా. శ్రుతి మించితే పాట చెడుతుంది. చెయ్యి దాటితే పరిస్థితి చెడుతుంది. మెచ్చుకోలుగా వాడే సందర్భాలు లేవని కాదు. గురువుని మించిన శిష్యుడని పొగుడుతాం. కానీ ఆ పొగడ్తలో కూడా కాస్త ఆశ్చర్యం ఉంటుంది, మామూలుగా జరగకూడనిది జరిగినట్టు. పైగా అది గురువు స్వయంగా ఒప్పుకుంటేనే అందం. శిష్యుడు తనంతట తను అనుకుంటే పొగరు.

ఈ మాటలన్నిటి వెనకా ఉన్న అసలు మాట 'వరస'. తెలుగులో వరస అంటే క్యూ, వరస అంటే చుట్టరికం కూడా. వరసలో నించుంటాం, వరస కలుపుతాం. మనుషులు ఒకరి వెనక ఒకరు ఎలా నిలబడాలో, ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి ఒకే మాట సరిపోయింది. అలాంటి చోట ముందున్నవాణ్ణి దాటి వెళ్ళడమంటే ఖాళీగా ఉన్న రోడ్డు వాడుకోవడం మాత్రమే ఎలా అవుతుంది? వాడికీ నీకూ ఉన్న సంబంధాన్నే మార్చేసినట్టు.

* * *

బొబ్బిలి, విజయనగరం సంస్థానాల చరిత్ర ఈ వరస గొడవకి పాఠ్యపుస్తకం లాంటిది. రెండు వంశాలూ ఈ ప్రాంతానికి వచ్చింది ఒకే మనిషి వెనక. 1652లో శ్రీకాకుళం ఫౌజుదారుగా షేర్ మహమ్మద్ ఖాన్ వచ్చినప్పుడు ఆయన పరివారంలో బొబ్బిలి వంశానికి మూలపురుషుడైన పెదరాయుడూ ఉన్నాడు, పూసపాటి మాధవవర్మా ఉన్నాడు. పెదరాయుడు కట్టుకున్న కోటకి తన ప్రభువు పేరు వచ్చేలా పేరు పెట్టాడంటారు. షేర్ అంటే పులి. పెద్దపులి పెబ్బులి అయి, బెబ్బులి అయి, బొబ్బిలి అయ్యింది. ఈ రోజు మనం ఎవరికీ తల వంచని పౌరుషానికి గుర్తుగా వాడే బొబ్బిలి పులి అసలు ఒక ఫౌజుదారు మీద విధేయతతో పెట్టిన పేరన్నమాట.

ఒకే గీత దగ్గర బయల్దేరినవాళ్ళ మధ్యే పోటీ ఎక్కువ. ఒకడు చక్రవర్తీ ఇంకొకడు పాలేరూ అయితే ఎవరు ముందో అన్న ప్రశ్న రాదు. ఇక్కడ ఇద్దరూ ఒకే ప్రభువు కొలువులో నించున్నవాళ్ళ వారసులు. వందేళ్ళు గడిచేసరికి విజయనగరం బాగా పెద్దదైంది, బొబ్బిలి చిన్నదిగానే ఉండిపోయింది. కానీ వరస లెక్కలో బొబ్బిలి వెనక్కి తగ్గలేదు. 1757 యుద్ధం గురించి వివరంగా రాసిన రాబర్ట్ ఓర్మ్, 1778లో వెలువడిన తన చరిత్ర రెండో సంపుటంలో, బొబ్బిలివారు బ్రాహ్మణుల తర్వాత తామేననీ, రాజపుత్రులకి సమానులమనీ భావించేవారనీ, ఆ స్థాయిని చాలా కఠినమైన ఆచారాలతో కాపాడుకునేవారనీ చెబుతాడు. నేల మీద వెనకబడ్డవాళ్ళు వంశంలో ముందుండటం, వంశంలో తక్కువ అనిపించుకున్నవాళ్ళు నేల మీద ముందుకు పోవడం. రెండు సంస్థానాలూ రెండు వేరు వేరు లెక్కల్లో ఒకరినొకరు దాటేశాయి. ఇద్దరికీ ఎదుటివాడు చేసిందే అతిక్రమణ.

పైకి కనిపించే తగాదా మాత్రం నీళ్ళది. బొబ్బిలివాళ్ళు తన పొలాలకి రావలసిన వాగుల నీళ్ళు మళ్ళించుకుపోతున్నారని విజయనగరం ఫిర్యాదు. ఉత్తరాంధ్రలో వ్యవసాయం ఎరిగినవాళ్ళకి ఇది చిన్న విషయం కాదని తెలుసు. పై పొలంవాడు ముందు తడుపుకున్నాకే కింది పొలంవాడికి నీరు. అక్కడా వరసే.

1753 చివర్లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. వాళ్ళ సేనాని బుస్సీకి పెద్ద విజయరామరాజు దగ్గరయ్యాడు. బుస్సీ శిస్తు వసూలుకి ఈ వైపు వచ్చినప్పుడు బొబ్బిలి మీదికి సైన్యాన్ని తెప్పించగలిగాడు. అప్పుడు బుస్సీ బొబ్బిలి దొర రంగారావుకి పెట్టిన షరతు గమనించాలి. చంపుతాననలేదు, దోచుకుంటాననీ అనలేదు. బొబ్బిలి వదిలి వెళ్ళిపో, బదులుగా ఇంకోచోట ఇంతకంటే ఎక్కువ భూమి ఇస్తానన్నాడు. లెక్కల మనిషికి ఇది మంచి బేరం. రంగారావుకి ఇది భరించరాని అవమానం. తాతలనాటి నేల వదిలి పక్కకి తప్పుకుంటే, విజయనగరం తనని దాటి వెళ్ళిపోయిందని తానే ఒప్పుకున్నట్టు. ఆ కాలపు మాటల్లో పక్కకి తప్పుకోవడానికి ఓడిపోవడం తప్ప వేరే అర్థం లేదు.

1757 జనవరి 24న మట్టికోట మీద దాడి జరిగింది. ఫిరంగుల ముందు కోట నిలబడదని లోపలివాళ్ళకి తెలుసు. ఇక దారి లేదని తేలాక శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమవాళ్ళే చంపేశారు, ఇళ్ళకి నిప్పు పెట్టారు. మగవాళ్ళు పోరాడి చనిపోయారు. రంగారావు కొడుకు, చిన్న కుర్రవాడు, బతికి బయటపడ్డాడు. ఒక ముసలివాడు ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు.

ఇక్కడ ఓవర్‌టేక్ పాత అర్థం తిరిగొస్తుంది. జనం చెప్పుకునే కథలో రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కబురు వేళకి అందలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. యుద్ధాన్ని అందుకోలేకపోయినవాడు శత్రువుని అందుకున్నాడు. మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి చొరబడి పొడిచి చంపాడు. ఓర్మ్ కథనంలో వాళ్ళు నలుగురు సైనికులు. రంగారావు పడిపోవడం చూసి కోటలో ఒక మూల దాక్కుని, రాత్రి గోడ దిగి, భాష ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాకుండా విజయనగరం సేన మధ్య నుంచే నడిచి వెళ్ళారు. అందులో ఇద్దరు డేరాలో దూరారు. ఎవరి కథ నమ్మినా, తరిమి పట్టుకోవడం అనే ఆ ఇంగ్లీషు క్రియకి ఇంతకంటే సరిగ్గా సరిపోయే సందర్భం మన చరిత్రలో నాకు కనపడలేదు.

ఈ కథని మనం ఎలా చెప్పుకుంటున్నామన్నదే నా ఇబ్బంది. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము నుంచి, జంగం కథల నుంచి, 1964 నాటి సినిమా బొబ్బిలి యుద్ధం, 1986 నాటి తాండ్ర పాపారాయుడు దాకా అందరూ దీన్ని పౌరుషం కథగానే చెప్పారు. ఊళ్ళో యుద్ధస్తంభం ముందు నించుంటే నాకూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, కాదనను. కానీ కోటలోని ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా? ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్కలో వాళ్ళు ఎక్కడా లేరు. ఆ వరసలో నించున్నవాళ్ళందరూ మగవాళ్ళే. లెక్క తప్పినప్పుడు ప్రాణం ఇచ్చినవాళ్ళలో మాత్రం వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ ఉన్నారు. వాళ్ళు ఇష్టంగా చనిపోయారనే కథ బతికున్నవాళ్ళు చెప్పుకున్నది.

* * *

ఇంత చేసి చివరికి ఎవరు ఎవర్ని దాటారు? బొబ్బిలి దొర పోయాడు, మూడు రోజుల్లో విజయనగరం రాజూ పోయాడు. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళతో చెడి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళని ఓడించాడు. బొబ్బిలి యుద్ధం జరిగి ఇంకా రెండేళ్ళు కాలేదు. రోడ్డు మీద ఇద్దరు పోటీపడి ఒకరికొకరు అడ్డం కొట్టుకుంటుంటే వెనకనుంచి మూడోవాడు దూసుకుపోవడం మనందరం చూసిందే. ఈస్టిండియా కంపెనీ మొదట ఓవర్‌టేక్ చేసింది, తర్వాత టేకోవర్ చేసింది.

1794లో విజయనగరానికి తన వంతు వచ్చింది. శిస్తు బకాయిల పేరుతో కంపెనీ చిన విజయరామరాజుని విజయనగరం వదిలి మచిలీపట్నం వెళ్ళిపొమ్మంది. నెలకింత భత్యం ఇస్తామంది. ముప్ఫై ఏడేళ్ళ కింద బుస్సీ రంగారావుకి పెట్టిన షరతూ ఇలాంటిదే: నేల వదిలి పక్కకి తప్పుకో, నష్టం లేకుండా చూస్తాం. జవాబూ ఒకటే. జులై 10న పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో రాజు చనిపోయాడు. రెండు వంశాలకీ జీవితంలో ఉమ్మడిగా ఏదైనా ఉందంటే ఈ జవాబే. చావులో ఇద్దరూ ఒకే వరసలో నించున్నారు. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చాక రెండూ కంపెనీకి ఏటేటా పేష్కస్సు కట్టే జమీందారీలయ్యాయి. కావాలంటే ఇంకా ఎవరు ముందని దెబ్బలాడుకోవచ్చు, కానీ రోడ్డు తమది కాదు.

రోడ్డు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. దొర పల్లకి వెళ్తుంటే ముందుండేవాడు పక్కకి దిగాలి. దాటి వెళ్ళడం సంగతి వదిలెయ్యండి, చాలా ఊళ్ళలో దళితులు పెద్దకులాల ఇళ్ళ ముందు నుంచి చెప్పులతో నడవడమే నేరంగా చూశారు. అప్పుడు దాటడానికి వేగం కాదు కావలసింది, పుట్టుక. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకుని పెద్దకులాలవాళ్ళు తమదే అనుకున్న రోడ్డు మీద వెళ్ళాడు. అది పెద్ద తిరుగుబాటైంది. ఆయన ఎవర్నీ దాటలేదు, ఎవర్నీ కొట్టలేదు. బండిలో కూర్చుని తన దారిన తను వెళ్ళాడు, అంతే. రోడ్డు అందరిదీ అయ్యాకే ఓవర్‌టేక్ చెయ్యడమనే పని పుడుతుంది. అంతకుముందు ఉన్నది అతిక్రమణ ఒక్కటే. మనకి తెలుగు మాట దొరకకపోవడంలో వింతేముంది? ఆ పనే కొత్తది.

రైలు కూడా కొత్త వరస ఒకటి తెచ్చింది. విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను 1931కి పూర్తయ్యింది. దాని మీద బొబ్బిలి, సాలూరుకి చీలిపోయే జంక్షను. పాసింజరు బండిలో ప్రయాణం చేసినవాళ్ళకి తెలుసు, ఏదో చిన్న స్టేషన్లో లూపు లైన్లో బండి ఆగిపోతుంది. గంట గడుస్తుంది. "క్రాసింగు పడింది బావు, ఏటి సేస్తాం" అంటారు పక్కవాళ్ళు. నిజానికి ఎదురుబండి వస్తే అది క్రాసింగు. వెనకనుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌ని ముందుకి వదలడానికి ఆపితే రైల్వేవాళ్ళ భాషలో దాని పేరు ప్రిసిడెన్స్. రాజుల దర్బారుల్లో ఎవరి ఆసనం ముందు, ఎవరి ఆసనం వెనక అని చెప్పడానికి వాడే మాటే ఇది. రైలు దాన్ని మోసుకొచ్చి స్టేషన్ మాస్టరు చేతికిచ్చింది.

మా వృత్తిలో క్యూలు రెండు రకాలు. ముందొచ్చినవాడు ముందు వెళ్ళేది ఒకటి, ప్రయారిటీ ఉన్నవాడు ముందు వెళ్ళేది ఇంకొకటి. రైల్వే రెండో రకం. బండికి వంశం లేదు, కులం లేదు. కానీ టికెట్ ధర ఉంది. తక్కువ టికెట్టు బండి ఎక్కువ టికెట్టు బండికి దారి ఇస్తుంది. వరస చచ్చిపోలేదు, వేషం మార్చుకుంది. అయినా ఇందులో ఒక పెద్ద తేడా ఉంది. పాసింజరు బండిలో కూర్చున్నవాడికి ఎక్స్‌ప్రెస్ దాటిపోయినప్పుడు విసుగొస్తుంది గానీ అవమానం అనిపించదు. డబ్బు దొరికిన రోజున తనూ అందులో ఎక్కవచ్చు. పుట్టుక వల్ల వచ్చిన వరసలో ఆ అవకాశం లేదు.

* * *

బొబ్బిలిలో ఇంకో ఓవర్‌టేక్ ఉంది. దాని మీద సినిమా ఎవరూ తియ్యలేదు.

బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీలో మునుస్వామి నాయుడిని తప్పించి 1932 నవంబరులో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి అయ్యాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఒకటి. ఇప్పటి చెన్నై నుంచి ఒడిశా అంచు దాకా, అటు మలబారు దాకా ఉన్న రాష్ట్రానికి ఒక బొబ్బిలి దొర పాలకుడు. విజయనగరాన్ని దాటాలనుకున్న వంశం అందర్నీ దాటేసినట్టే. 1937లో ఎన్నికలొచ్చాయి. బొబ్బిలిలో ఆయన మీద కాంగ్రెసు నిలబెట్టింది బరంపురానికి చెందిన కార్మిక నాయకుడు వి. వి. గిరిని. రైల్వే కార్మిక సంఘాల్లో పనిచేసిన మనిషి. కోట లేదు, సంస్థానం లేదు. రాజా తన సొంత గడ్డ మీద ఓడిపోయాడు. రాష్ట్రం మొత్తం మీద 215 స్థానాల్లో కాంగ్రెసుకి 159 వచ్చాయి. గిరి రాజాజీ మంత్రివర్గంలో చేరాడు, 1969లో రాష్ట్రపతి అయ్యాడు.

ఒక్కసారి రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1757లో పక్కకి తప్పుకోమన్నందుకు కోట కోటంతా తగలబడింది. నూట ఎనభై ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో, అదే వంశంవాడిని ఓటర్లు పక్కకి తప్పుకోమన్నారు. ఆయన తప్పుకున్నాడు. ఏ డేరాలోకీ ఎవరూ కత్తితో వెళ్ళలేదు. ఆ ఓటు హక్కు అప్పటికి అందరిదీ కాదు, ఆస్తీ చదువూ ఉన్న కొంతమందిదే. అయినా దాటడానికి ఒక దారి, దాటించుకున్నాక బతకడానికి ఒక దారి ఏర్పడ్డాయి. నా మటుకు నాకు బొబ్బిలి చరిత్రలో గర్వపడాల్సిన రోజుల్లో ఇదీ ఒకటి. స్తంభం కట్టకపోయినా ఫరవాలేదు, పాఠంలో ఒక పేరా అయినా ఉండాలి.

ఇక మన రోడ్డు దగ్గరికి వద్దాం. బ్రిటిష్ ఇండియాలో మోటారు వాహనాల చట్టం మొదట 1914లో వచ్చింది. తర్వాత 1939లో ఒకటి, ఇప్పుడున్నది 1988లో. దాని కింద 1989లో చేసిన రోడ్డు నిబంధనల్లో ఓవర్‌టేక్ గురించి మనకి తెలిసిన సంగతులన్నీ ఉన్నాయి: కుడివైపు నుంచే దాటాలి, మలుపుల దగ్గర, ఎదురుగా ఏముందో కనపడని చోట దాటకూడదు, వగైరా. లైసెన్సు పరీక్షకి అందరం చదివినవే. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోని నిబంధన ఇంకోటుంది. నిన్ను ఎవరైనా దాటుతుంటే నువ్వు వేగం పెంచకూడదు, వాడు దాటకుండా ఏ రకంగానూ అడ్డుపడకూడదు. 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి, ఈ సంగతి మాత్రం అలాగే ఉంది.

అంటే చట్టం మొత్తం వ్యవహారాన్ని తలకిందులు చేసింది. వరస ప్రపంచంలో దాటినవాడు తప్పు చేసినవాడు. రోడ్డు ప్రపంచంలో జాగ్రత్తగా దాటినవాడి తప్పేమీ లేదు, దాటనివ్వనివాడే నేరస్థుడు. ఆ నిబంధన చదివినప్పుడల్లా నాకు రంగారావూ, విజయరామరాజూ గుర్తొస్తారు. పక్క బండి ముందుకెళ్తోందని తెలియగానే యాక్సిలరేటరు మీద కాలు బిగించేవాడు ఈ ఇద్దరికీ వారసుడు. వాడికి తొందరేమీ లేదు. ఒక నిమిషం ముందు దాకా టీ తాగుదామా అని ఆలోచిస్తున్నాడు. వెనకనుంచి ఒక చిన్న బండి, అదీ తన బండికంటే తక్కువ ఖరీదుది, పక్కకి వచ్చేసరికి ఉన్నట్టుండి వంశగౌరవం గుర్తొస్తుంది. రామభద్రపురం వెళ్ళే రోడ్డు మీద గానీ, హైదరాబాదు ఔటర్ మీద గానీ ఇది చూడనివాళ్ళు ఎవరు? ఆ రెండు బళ్ళలోనూ వెనక సీట్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఉంటారు. కోటలో ఉన్నట్టే. ఇప్పుడు కూడా వాళ్ళని ఎవరూ అడగరు.

పైవాళ్ళ వరసలు పోయాయా అంటే పూర్తిగా పోలేదు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. అంబులెన్సు లాంటి అత్యవసర వాహనాలకి మాత్రం దీపాలు ఉంచారు. బుగ్గ పోయినా కాన్వాయ్ వస్తోందంటే ట్రాఫిక్ ఆగిపోవడం మానలేదు. పల్లకి ముందు నడిచినవాడి కేక ఇప్పుడు సైరన్ అయ్యింది. అంబులెన్సుకి దారి ఇవ్వడం, కాన్వాయ్‌కి దారి ఇవ్వడం చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటిది అవసరాన్ని బట్టి వచ్చిన వరస, రెండోది హోదాని బట్టి వచ్చిన వరస. ఏది ఏదో విడదీసి చూడటం పౌరుడి పని.

మరి ఓవర్‌టేక్‌కి తెలుగు మాట కావాలా? పట్టుబట్టి తయారు చెయ్యాల్సిన అవసరం నాకు కనిపించదు. 'చెయ్యి' అతికించి ఆ మాటని మనవాళ్ళు ఎప్పుడో తెలుగు చేసేసుకున్నారు. ఆ ఇంగ్లీషు మాటలో మన పాత మాటల్లో లేని ఒక సుఖం ఉంది. దానికి తప్పొప్పుల వాసన లేదు. దాటినవాడు గొప్పవాడూ కాదు, పొగరుబోతూ కాదు, ముందు వెళ్ళాడంతే.

మన రోడ్లు దీనికి జంటగా ఇంకో క్రియని కూడా పుట్టించాయి. ఇంగ్లీషు నిఘంటువులో ఈ రూపంలో దొరకదది. 'సైడివ్వడం'. ముక్క ఇంగ్లీషు, పని తెలుగు. లారీల వెనక హారన్ ప్లీజ్ అని రాసి ఉండేది ఇందుకే: నువ్వు అడుగు, నేను ఇస్తాను అని. ఇచ్చేది సైడే, ఊరు కాదు, వంశం కాదు, కోట కాదు. ఆ మాటలో ఓటమి లేదు. దానం చేసినట్టు, దారి చూపించినట్టు ఒక పెద్దరికం ఉంది. రంగారావు కాలంలో ఇలాంటి మాట ఒకటి ఉండి ఉంటే ఆ కోట నిలిచేదని నేననను, చరిత్ర మాటలతో నడవదు. కానీ పక్కకి తప్పుకోవడానికి ఓడిపోవడం తప్ప వేరే పేరు లేని భాషలో, తప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ పేరు ఇప్పుడు మనకుంది. లారీ డ్రైవర్లు పెట్టారు.